అలకపీట ఎక్కిన మాయావి

పడమటి సముద్రం ఆ మధ్యాహ్నం కాచిన నెయ్యిలా మెరుస్తోంది. మణిధార నది కొండలు దిగి, పొలాలు దాటి, మడ అడవుల వేళ్ళ మధ్య వంకలు తిరిగి వచ్చి ఆ సముద్రంలో కలుస్తుంది. కలిసే ఆ చోటును శంఖవర రాజ్యంలో మొగ అంటారు. మొగ ఒడ్డున ఇసుకతిన్నె మీద పదహారు రాటల పెళ్ళిపందిరి వేసి ఉంది. రాటలకు మొగలిపూల దండలు, పైన పచ్చి కొబ్బరాకుల కప్పు, ఆకుల సందుల్లోంచి రాలి కొత్త చాపల మీద ఆడుకునే ఎండచుక్కలు! పసుపు వాసన, తడి ఇసుక వాసన కలిసి గాలికే పెళ్ళికళ వచ్చింది.

ఇంత చక్కని పందిరి చుట్టూ తొమ్మిది వందల ఈటెలు నిలబడి ఉన్నాయి.

దండనాయకుడు భల్లూకవర్మ గుర్రాన్ని పందిరి నీడ అంచు వరకు నడిపించి ఆపాడు. అంతకుమించి రావడానికి అతనికి అధికారం లేదు.

"ఏమర్రా, బురదకాళ్ళ మనుషుల్లారా! ఇవాళ పదహారో రోజు. పొద్దు గుంకగానే ఈ రాటలు పీకి నా వంటవాళ్ళ పొయ్యిలో పెట్టిస్తాను."

ఊరిపెద్ద మరిడయ్య చుట్ట నోట్లోంచి తీయకుండానే జవాబిచ్చాడు. "పెట్టించండి దొరా. మీ పొయ్యిలన్నా మండనీండి. మా నూతులన్నీ ఇసకేసి పూడ్పించేశారు గదా, మాకు ఎసరెట్టడానికి నీళ్ళు కూడా నేవు."

"నోరు లేస్తోంది ముసలాడా. గోడ లేచాక ఆ నోట్లో కూడా ఇసుకే పోస్తాను."

"అలాగే. ముందు గోడ లేపండి."

భల్లూకవర్మ కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా గుర్రం ఒక్క అడుగు ముందుకు పడలేదు. దానికి కారణం ఉంది.

శంఖవర తొలి రాజు మణిధారను తన కూతురిగా ప్రకటించి, ఏటా ఏరువాక పున్నమి నాటి సాయంత్రం, పోటు నిండే వేళ, ఆమెను సముద్రుడికిచ్చి పెళ్ళి చేసే ఆచారం పెట్టాడు. మొగలో పెళ్ళిపందిరి నిలిచి ఉన్నంతకాలం రాజైనా సరే అక్కడ గునపం వేయరాదని రాతిమీద చెక్కించి, కులదేవత మీద ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టు ముందు మంత్రాలు కూడా చేతులు ముడుచుకుంటాయి.

ఇప్పుడు ఆ సింహాసనం మీద శూరధ్వజ మహారాజు ఉన్నాడు. ఆయన చెవిలో రాజగురువు కరాళదత్తుడు ఉన్నాడు. కరాళదత్తుడు పగలు గురువు, చాటున మాయావి. మొగకు అడ్డంగా కొండంత గోడ లేపి, మడ అడవిని నరికి, తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాన్ని చదునుచేసి, అక్కడ ఏడంతస్తుల స్ఫటికనగరం కడతానని రాజుకు ఆశపెట్టాడు. అద్దాల మేడలు, పాలరాతి రేవులు, ఏడు దేశాల ధనవంతులకు విహార సౌధాలు! వెనక్కి తన్నిన నది పై ఊళ్ళ పొలాలను ముంచితే ఏమిటన్నది ఆ చిత్రపటంలో ఎక్కడా లేదు. ఈ ఏటి వరదకు ముందే గోడ లేవాలి. వరద దాటితే అరవై ఏళ్ళ వరకు గోడ లేపే మంత్రం పనిచేయదు.

కరాళదత్తుడు తన నల్లరాతి దండం ఎత్తితే కొండరాళ్ళు ఎద్దుల్లా లేచి నడిచి వస్తాయి. అయిదు నెలల కిందట అలాగే వచ్చాయి. మొగలో అప్పుడు ఒక పెళ్ళి జరుగుతోంది. రాళ్ళు ఆ పందిరి నీడ వరకు వచ్చి, మోకాళ్ళు విరిగినట్టు చతికిలబడ్డాయి. అది చూసిన పదహారు ఊళ్ళవారికి ఒక్కసారే బుర్ర వెలిగింది. ఆ రోజు నుంచి పందిరి దించలేదు. పెళ్ళికి పదహారు రోజుల పండుగ కదా, ఆ పదహారు రోజులు పూర్తయ్యేలోగా ఇంకో పెళ్ళి. ఊరికొక రాట పాతారు. ఒక జంట తప్పిపోయినా పందిరి నిలవాలని ముహూర్తానికి ఏడెనిమిది జంటలను కూర్చోబెట్టి, అయిదు నెలల్లో డెబ్బైమూడు పెళ్ళిళ్ళు జరిపించారు! పదేళ్ళుగా మాట్లాడుకోని మేనబావా మరదళ్ళు తాళి కట్టించుకున్నారు. అరవై దాటిన ఉప్పుమడుల గంగన్న, ఎండుచేపల పైడమ్మ సిగ్గుపడుతూ పీటలెక్కారు. ఆ రోజు నవ్వని చేప లేదని మొగలో చెప్పుకున్నారు.

చివరికి పెళ్ళీడు వారందరూ అయిపోయారు. బయట నుంచి ఎవరినీ రానివ్వకుండా సైన్యం దారులు మూసింది. ఆఖరి పెళ్ళి పడవ నడిపే వరాలుది, వలలు బాగుచేసే సోమన్నది. ఆ పెళ్ళికి పదహారో రోజు ఇవాళే. ఇవాళే పున్నమి కూడా. పొద్దు గుంకేలోగా నది పెళ్ళి జరిగితే పందిరికి మరో పదహారు రోజుల ఆయుష్షు. ఆలోగా వరద రానే వస్తుంది. జరగకపోతే రాత్రికి మొగలో పునాదిరాయి పడుతుంది.

మగపెళ్ళివారు రావలసిన సముద్రం వైపే అందరూ చూస్తున్నారు. సముద్రుడి తరఫున ఏటా దీవులవారు పడవలో వచ్చి పీటల మీద కూర్చుంటారు. వాళ్ళ పెద్ద సాగరప్ప.

"మావా, నీ చేతికి పసుపంటింది," అంది వరాలు సోమన్నతో, పందిరి వారగా పసుపు నూరుతూ.

"నువ్వే అంటించావు."

"తుడుచుకోవచ్చుగా?"

"ఎందుకు తుడుచుకోవాలి?" అన్నాడు సోమన్న. తొమ్మిది వందల ఈటెల మధ్య కూడా ఆమె గాజులు కిసుక్కున నవ్వాయి.

ఈ సోమన్న ఎవరో వరాలుకు తప్ప మొగలో మరెవరికీ తెలియదు. అతను శూరధ్వజుడి మూడో కుమారుడు ఇంద్రనీలుడు. తండ్రితో గోడ వద్దని వాదించి, చెరసాలలో పడి, కిటికీ కమ్ములు వంచి దూకి, వలలు అల్లే వేషంలో ఇక్కడికి చేరిన రాకుమారుడు.

"పడవ! పడవ!" అని ఎవరో అరిచారు.

రంగుల తెరచాప, ముందు కొమ్ముకు పూలదండ, దాని మీద తెల్లని గడ్డంతో సాగరప్ప! పందిరిలో సన్నాయి ఎగిసింది. ఆడపెళ్ళివారు బిందెలతో పరుగెత్తారు. చిత్రంగా సైన్యం కూడా దారి విడిచి పక్కకు తప్పుకుంది. ఆ తొందరలో అది ఎవరికీ వింతగా తోచలేదు.

సాగరప్ప పడవ దిగలేదు. నలుగురు మనుషులు భుజాల మీద ఎత్తుకుని, అలకు అందనంత ఎత్తున మోసుకొచ్చి ఒడ్డున దించారు.

"నడుం పట్టేసింది బావగారూ," అన్నాడు మరిడయ్యతో.

"వయసు మీద పడుతోంది బావగారూ, మాకైనా అంతే," అని మరిడయ్య కౌగిలించుకున్నాడు.

కాళ్ళు కడిగే పని ఆడపెళ్ళివారిలో కొత్త పెళ్ళికూతురిది. వరాలు, ఎగువ నుంచి పెళ్ళికని తెచ్చి దాచిన తియ్యటి నది నీళ్ళ బిందె వంచి సాగరప్ప పాదం చేతిలోకి తీసుకుంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. దీవులవారు పుట్టినప్పటి నుంచి గవ్వరాళ్ళ మీద ఒట్టికాళ్ళతో నడుస్తారు. వాళ్ళ అరికాళ్ళు ఎండిన తాటిమట్టల్లా ఉంటాయి. ఈ అరికాలు మాత్రం తివాచీల మీద తప్ప నడవనట్టు వెన్నముద్దలా ఉంది.

ఆమె తల ఎత్తేలోగా జరగకూడనిది జరిగిపోయింది.

మగపెళ్ళివారి పెద్దకు అలకపీట వేయడం మొగ ఆచారం. పీటను పోటు తాకే గీత దగ్గర, సముద్రానికి ఎదురుగా వేస్తారు. పెద్ద దాని మీద కూర్చుని మొహం ముడుచుకుంటాడు. ఆడపెళ్ళివారు ‘ఏమడిగినా ఇస్తాం’ అని మాట ఇవ్వాలి. ఏటా సాగరప్ప కాసేపు బుంగమూతి పెట్టి, ఒక బుట్ట తాటిబెల్లమో, ఒక ముసలి మేకో అడిగి అందరినీ నవ్వించేవాడు. ఆ చనువుతోనే మరిడయ్య, ఆయన పీట మీద కూర్చుంటూ ఉండగానే, చేతిలో చెయ్యి వేసి చెప్పేశాడు.

"అడుగు బావగారూ! నోటిలోంచి రావడమే తడవు. ఏమడిగినా ఇస్తాం. పదహారు ఊళ్ళ మాట ఇది."

సాగరప్ప మెల్లగా నవ్వాడు. ఆ నవ్వులో తాటిబెల్లం లేదు.

"ఈ పందిరి నాకు నచ్చలేదు. విప్పేయండి. చివరి రాట వరకు విప్పాక వేరే పందిరి వేసి పెళ్ళి చేద్దాం."

సన్నాయి ఠక్కున ఆగిపోయింది. పందిరి అవతల భల్లూకవర్మ తొడ చరిచి నవ్వాడు.

"విన్నారా? వియ్యంకుడి కోరిక! మాట తప్పితే పెళ్ళి తప్పినట్టే. విప్పండి, విప్పండి!"

మరిడయ్య చుట్ట ఇసుకలో జారిపడింది. "బావగారూ... వేళాకోళానికి ఇది వేళ కాదు."

"నేను వేళాకోళం ఆడటం లేదు. మాట ఇచ్చావు."

"చేటంత నోరు నాది," అని మరిడయ్య నుదురు కొట్టుకున్నాడు. "ఊరిని ముంచేశాను తల్లీ, నదినే ముంచేశాను!"

వరాలు భర్త చెవి దగ్గరికి వంగింది. "మావా, ఈయన సాగరప్ప కాదు. అరికాళ్ళు చూడు."

ఇంద్రనీలుడు పాదాలు చూశాడు. తర్వాత నల్లచేతికర్ర పట్టుకున్న ఆ వేళ్ళు చూశాడు. అతను గొంతు తగ్గించాడు. "కరాళదత్తుడు. రాజభవనంలో ఆయన విస్తట్లో ఉప్పు వడ్డించేవారు కాదు. ఒకసారి వంటవాడు పొరపాటున వడ్డిస్తే, ఉప్పు తగిలిన వేలి చర్మం పొక్కి రాయిలా నల్లబడింది. ఆ మచ్చ ఇదిగో. వంటవాడిని ఆ పూటే ఉరితీశారు. ఒంటికి ఉప్పు తగిలితే ఆయన మారురూపం నిలవదు. అందుకే పడవ దిగకుండా మోయించుకున్నాడు. సముద్రాన్ని గోడకు అవతల పెట్టాలని పట్టు పట్టింది కూడా అందుకే."

"అరిచి చెప్పేద్దామా?"

"ఋజువు లేకుండా వియ్యంకుణ్ణి దొంగ అంటే పెళ్ళి మనమే తప్పించినట్టు. ఆ మాట కోసమే ఆయన చూస్తున్నాడు."

వరాలు సముద్రం వైపు చూసింది. పోటు మొదలైంది. అల నురగ పీటకు ఇరవై అడుగుల దూరంలో విరిగి వెనక్కి పోతోంది. ఆమె చెంగు దోపుకుని అలకపీట ముందుకు నడిచింది.

"తాతా, అడిగావు, ఇస్తాం. అయితే నీకు తెలియంది కాదు. అలక కూర్చున్న పెద్ద, అడిగింది పూర్తిగా తీరేవరకు పీట దిగకూడదు. దిగితే అలక తీరిపోయినట్టే, మా మాట చెల్లిపోయినట్టే. అవునా?"

మారువేషగాడికి ఆ ఆచారం తెలియదు. తెలియదని చెప్పలేడు. "అవును. త్వరగా కానివ్వండి."

"త్వరగానే తాతా. ఏ ఊరి రాట ఆ ఊరి ముత్తైదువే విప్పాలి. మగవాళ్ళ చెయ్యి, సిపాయిల చెయ్యి తగలకూడదు. ముడికొక పాట. పాట తప్పితే మళ్ళీ మొదటినుంచి." ఆమె వెనక్కి తిరిగి కేక వేసింది. "పైడమ్మత్తా! రా. పాడు. నీకు చాలా పాటలొచ్చు కదా?"

ఎండుచేపల పైడమ్మ వరాలు కళ్ళలోకి ఒక్కసారి చూసింది. ఆ చూపు చాలు. మొదటి రాట దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని, రాటకు పసుపు నీళ్ళు పోసి, పాట ఎత్తుకుంది. నది పుట్టుక నుంచి మొదలుపెట్టింది. కొండ, వాగు, వాగు పక్క చెట్టు, చెట్టు మీద పిట్ట, పిట్ట పెట్టిన గుడ్లు, ఏదీ వదల్లేదు. మధ్యలో ఆగి, "పిట్ట ముందా, చెట్టు ముందా వొదినా?" అని అడిగింది.

"చెట్టే! మర్చిపోయావు. మొదటినుంచి పాడు," అన్నారు ఆడవాళ్ళందరూ.

"దొంగ నాటకాలు!" అని భల్లూకవర్మ గర్జించాడు. "ఆ ముసలిదాని పీక నొక్కండి!"

"నొక్కితే పాట ఆగిపోద్ది దొరా," అంది పైడమ్మ. "ముడి అలాగే ఉండిపోద్ది."

ఒక రాట, రెండు, అయిదు. ముడి వీడిన చోటల్లా కొబ్బరాకుల కప్పు కుంగి, నీడ చిన్నదవుతోంది. నీడ తగ్గిన మేర చతికిలబడ్డ బండరాళ్ళు ఒళ్ళు విరుచుకుని, కీచుమంటూ ముందుకు జరుగుతున్నాయి. వాటి కింద పీతలు చితికిన చప్పుడు పందిరిలోకి వినిపించింది. నురగ పీటకు పదడుగుల దూరానికి వచ్చింది. పది రాటలు. పన్నెండు. సూర్యుడు పడమటికి వాలాడు. నురగ ఇప్పుడు నాలుగడుగుల దూరంలో ఉంది. మారువేషగాడి కళ్ళు నురగను వదలడం లేదు. అతను కాళ్ళు పైకి ముడుచుకున్నాడు.

పదిహేనో రాట పడిపోయింది. ఒక్క రాట మిగిలింది. దాని ముడి వరాలు చేతిలో ఉంది. ఆమె పాట ఎత్తుకోలేదు. ఆమె అలలను లెక్కిస్తోంది. ఒకటి, రెండు, మూడు. ఏడో అల పెద్దది వస్తుంది. పడవవాళ్ళందరికీ తెలిసిన లెక్క అది.

"పాడవే పిల్లా!" అని పీట మీద నుంచి అరిచాడు మారువేషగాడు.

"గొంతు పట్టింది తాతా. కొంచెం ఉప్పునీళ్ళు పుక్కిలించాలి," అంది వరాలు.

ఏడో అల లేచింది! తెల్లని జూలు విదిలించి, బుసకొట్టి, పీటను నడుము వరకు ముంచేసింది. చెవులు చిల్లులు పడే కేక వినిపించింది. సాగరప్ప తెల్ల గడ్డం సున్నంలా కరిగి కారిపోయింది. చర్మం పెచ్చులూడి, కింది నుంచి బొగ్గురంగు మొహం, పొక్కులెక్కిన చేతులు, పాము కళ్ళు బయటపడ్డాయి. కరాళదత్తుడు పీట మీద నుంచి ఎగిరి పొడి ఇసుక మీద పడ్డాడు.

"పీట దిగాడు!" అని పదహారు ఊళ్ళు ఒక్కసారే అరిచాయి. "అలక తీరింది! మాట చెల్లింది!"

ఒంటి రాట మీద నాలుగు కొబ్బరాకులు గాలికి ఊగుతున్నాయి. ఒక్క రాట, దాని కింద గొడుగంత నీడ. అయినా అది పందిరే.

కరాళదత్తుడు లేచి నిలబడ్డాడు. నల్లదండం ఇసుకలో ఊని నిలదొక్కుకున్నాడు. అయినా అతను నవ్వాడు.

"మీ సంబరం పొద్దు గుంకేవరకే. మగపెళ్ళివారు లేకుండా నదికి పెళ్ళేమిటి? మీ సాగరప్ప పడవను అక్కడ, రాకాసి సుడిలో తిరగడానికి పెట్టి వచ్చాను. కాళ్ళూ చేతులూ కట్టి మరీ." తర్వాత విలుకాండ్ర వైపు తిరిగాడు. "పందిరిని ముట్టుకోకండి. పందిరిని నిలబెట్టేవాణ్ణి కొట్టండి. పట్టుకునే చెయ్యి లేకపోతే ఇసుకలో ఒంటి రాట ఎంతసేపు ఆగుతుంది?"

అప్పటికే రాట పక్కకు ఒరిగిపోతోంది. ఇంద్రనీలుడు ఒక్క దూకు దూకి దాన్ని రెండు చేతులా కౌగిలించుకున్నాడు. మొదటి బాణం అతని భుజాన్ని చీల్చుకుపోయింది.

"మావా!"

"నువ్వు ఇక్కడ ఉండి చేసేదేమీ లేదు వరాలూ. పడవ నీకు వచ్చు, రాట పట్టుకోవడం నాకు వచ్చు. వెళ్ళు!"

విలుకాండ్రు రెండో వరుస బాణాలు సంధించారు. అప్పుడు పైడమ్మ కొత్త మట్టెలు ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చి రాకుమారుడి ముందు నిలబడింది. ఆమె పక్కన ఇంకో పెళ్ళికూతురు వచ్చి నిలబడింది. ఆమె పక్కన మరొకరు. డెబ్బైరెండు మంది కొత్త పెళ్ళికూతుళ్ళు, పసుపుతాళ్ళు గుండెల మీద మెరుస్తూ, రాట చుట్టూ వలయం కట్టారు. వాళ్ళ చుట్టూ వాళ్ళ మొగుళ్ళు తెడ్లు పట్టుకుని నిలబడ్డారు.

"ఒరే పాపారావూ!" అని వలయంలోంచి ఒకామె ఒక విలుకాడిని పిలిచింది. "మా మేనత్త కొడుకువి కాదూ నువ్వు? నా పెళ్ళికి రానివ్వలేదని మొన్న ఏడ్చావంట. ఇప్పుడొచ్చావుగా, అక్షింతలు మర్చిపోయి బాణాలు తెచ్చావా?"

పాపారావు విల్లు కిందికి దిగింది.

"కొట్టరా!" అని భల్లూకవర్మ కొరడా ఎత్తాడు.

అప్పటికి వరాలు నది పెళ్ళికూతురి పడవను నీళ్ళలోకి తోసేసింది. పసుపు రాసిన కొత్త పడవ, నడుమ నదికి గుర్తుగా నీళ్ళ కలశం. పెళ్ళికూతురు పెళ్ళికొడుకు కోసం ఎదురువెళ్ళడం మొగ చరిత్రలో లేదు. లేకపోతేనేం, ఇవాళ మొదలవుతుంది! ఆమె పోటుకు ఎదురు తెడ్డు వేసింది. మొదటి అల పడవను నిలువునా లేపింది. రెండోది ఒంటి నిండా కొట్టింది. గట్టు మీద నుంచి కరాళదత్తుడు దండం విసిరినట్టు చూపించాడు. నీటి అడుగు నుంచి బండరాయి ఒకటి లేచి పడవ అంచును గీరుకుంటూ పోయింది. వరాలు తెడ్డుతో దాన్ని తన్ని, పడవను పక్కకు తిప్పి, ఇసుకమేట దాటేసింది.

అవతల సముద్రం మధ్య నూతిలా గుంట పడి, గర్రుమని తిరుగుతోంది రాకాసి సుడి. దాని గోడ వెంట, రంగు తెరచాప చిరిగిన పడవ ఒకటి గిర్రున తిరుగుతూ కిందికి జారుతోంది. అందులో తాళ్ళతో కట్టిపడేసిన పన్నెండు మంది దీవులవారు, వాళ్ళ మధ్య తెల్ల గడ్డం. అసలైన సాగరప్ప తల ఎత్తి ఆమెను చూశాడు.

"రాకే పిల్లా! వెనక్కి పో! ఇందులోకి దిగిన పడవ పైకి రాదు!"

ఆమె వెనుక తీరం మీద గొడుగంత పందిరి, దాని చుట్టూ పసుపురంగు వలయం, ఆ వలయం మీదికి కదులుతున్న ఈటెలు. ఆమె ముందు సూర్యుడి అంచు నీటికి బెత్తెడు ఎత్తున ఉంది.

వరాలు కలశాన్ని ఒడిలోకి లాక్కుని, లంగరు తాడు నడుముకు చుట్టుకుంది.

"పైకి ఎలా రావాలో లోపలికొచ్చాక మాట్లాడుకుందాం తాతా! ముందు జరుగు, చోటియ్యి! ముహూర్తం దాటకుండా పెళ్ళి అక్కడే చేసేద్దాం!"

ఆమె తెడ్డు ఎడమకు వేసి, పడవ ముక్కును సుడి నోట్లోకి తిప్పింది.